గ్యాస్ పైప్‌లైన్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్‌లో అప్రెంటిస్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐటీఐ ఫిట్టర్ చదివి, గ్యాస్ లైన్ల మీద అప్రెంటిస్‌గా మొదలుపెట్టి, ఇప్పుడు అదే పని కొత్తగా వచ్చే పిల్లలకు నేర్పుతున్నాను. ఏటా బ్యాచ్ మారుతుంది, సందేహాలు మాత్రం అవే. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే కన్నా రాసిపెడితే పదిమందికీ పనికొస్తుందని ఇలా కూర్చాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## చేరే ముందు

ఈ పని అంటే రోజంతా గుంతలు తవ్వడమేనా?

కాదు. తవ్వడానికి కూలీలు, జేసీబీలు వేరే ఉంటారు. తవ్విన గుంతలో ఏముందో చూసి, సరిచేసి, సరిగా ఉందని రాసి సంతకం పెట్టేవాళ్లం మనం.

పని రెండు రకాలు. ఒకటి, ఊళ్లు దాటి పొలాల కింద వెళ్లే పెద్ద ఉక్కు లైన్లు. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా వెళ్లే లైను అలాంటిదే, పొడవు సుమారు 1,400 కి.మీ. రెండోది సిటీ గ్యాస్: హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్, గోదావరి జిల్లాల్లో గోదావరి గ్యాస్ వంటి కంపెనీలు ఇళ్లకు, హోటళ్లకు, సీఎన్‌జీ బంకులకు ఇచ్చే సరఫరా. అప్రెంటిస్‌లకు ఎక్కువగా దొరికేది ఈ రెండోది.

సిటీ గ్యాస్‌లో గ్యాస్ ప్రెషర్ మెట్లు దిగినట్టు దిగుతుంది. పెద్ద లైను నుంచి ఊరి మొదట్లో ఉన్న సిటీ గేట్ స్టేషన్‌కు వస్తుంది. అక్కడ వాసన మందు కలుపుతారు. ఉక్కు లైనులో ప్రెషర్ 49 బార్ (ప్రెషర్ కొలత) దాకా ఉండొచ్చు. వీధి స్టేషన్‌లో, అంటే డీఆర్‌ఎస్‌లో, 4 బార్‌కు దించుతారు. అక్కడి నుంచి పసుపు లేదా నారింజ రంగు ప్లాస్టిక్ పైపు, ఎండీపీఈ, వీధుల్లోకి వెళ్తుంది. ఇంటి బయటి రెగ్యులేటర్ దగ్గర 100 మిల్లీబార్ దరిదాపుల్లోకి, పొయ్యి దగ్గర 21 మిల్లీబార్‌కు వస్తుంది. ఈ మెట్లలో ఒక్కోచోట ఒక్కో పని ఉంటుంది. ఏడాదిలో అన్నిచోట్లా తిప్పమని అడగండి. ఒకే చోట కూర్చోబెడితే ఆ ఏడాది సగం వృథా అయినట్టే.

ఏ ట్రేడ్ వాళ్లు పనికొస్తారు? నాది ఎలక్ట్రీషియన్, నన్ను తీసుకుంటారా?

తీసుకుంటారు. ఫిట్టర్, వెల్డర్, ప్లంబర్ వాళ్లు పైపు పనికి, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ వాళ్లు రెగ్యులేటర్లు, మీటర్ల పనికి, ఎలక్ట్రీషియన్లు తుప్పు నివారణ పనికి, స్టేషన్ల కరెంటు పనికి సరిపోతారు. ఉక్కు పైపు తుప్పు పట్టకుండా దానికి చిన్న కరెంటు ఇస్తూ ఉంటారు, దీన్నే కాథోడిక్ ప్రొటెక్షన్ అంటారు. ఎలక్ట్రీషియన్ పిల్లలు ఈ పని చాలా తొందరగా పట్టేస్తారు, నేను కళ్లారా చూశాను. డిప్లొమా వాళ్లకు టెక్నీషియన్ అప్రెంటిస్‌గా వేరే దారి ఉంది.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలి? ఏజెంటు పది వేలు అడుగుతున్నాడు, ఇవ్వాలా?

ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఐటీఐ వాళ్లు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో, డిప్లొమా, డిగ్రీ వాళ్లు నాట్స్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. రెండూ ఉచితం. డబ్బు అడిగాడంటే అతని చేతిలో సీటు లేదనే అర్థం. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో, ఐటీఐ సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పొట్టిగా, ఇంకోచోట పూర్తిగా ఉండి ఆగిపోయినవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు ఉంటున్నారు.

స్టైపెండ్ ఎంత? కంపెనీ చెప్పిన దానికంటే తక్కువ పడింది, మోసమా?

2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీస మొత్తాలు ఇవి: ఐటీఐ వాళ్లకు 7,000, డిప్లొమా వాళ్లకు 8,000, డిగ్రీ వాళ్లకు 9,000 రూపాయలు. కంపెనీ అంతకన్నా ఎక్కువ ఇవ్వొచ్చు, తక్కువ ఇవ్వకూడదు. మీ కాంట్రాక్టు మీద ఉన్న అంకే మీకు ప్రమాణం.

తక్కువ పడడానికి చాలాసార్లు కారణం మోసం కాదు. జాతీయ అప్రెంటిస్‌షిప్ పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం నేరుగా మీ ఖాతాలో వేస్తుంది. మిగతాది కంపెనీ వేస్తుంది. అంటే డబ్బు రెండు ముక్కలుగా, వేర్వేరు రోజుల్లో వస్తుంది. ఆధార్ అనుసంధానం లేని ఖాతా ఇస్తే కేంద్రం వాటా ఆగిపోతుంది. ముందు బ్యాంకుకు వెళ్లి అది చూసుకుని, ఆ తర్వాత కంపెనీని అడగండి.

నాకు 17 ఏళ్లు. చేరొచ్చా?

ప్రమాదకర పరిశ్రమల్లో అప్రెంటిస్‌కు కనీసం 18 ఏళ్లు ఉండాలి, గ్యాస్ పని ఆ కోవలోదే. ఈ ఏడాదిని ఐటీఐ పూర్తి చేయడానికి వాడుకోండి.

అమ్మాయిలు ఈ పని చేయగలరా? మా ఇంట్లో వద్దంటున్నారు.

చేయగలరు, చేస్తున్నారు. డీఆర్‌ఎస్ నిర్వహణ, లీకు సర్వే, తుప్పు రీడింగులు, కంట్రోల్ రూమ్, ఇళ్ల తనిఖీ, వీటిలో దేనికీ కండబలం అక్కర్లేదు. ఇళ్ల తనిఖీకి అమ్మాయి వెళ్తే మధ్యాహ్నం పూట ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు భయం లేకుండా తలుపు తీస్తారు. అయితే సైటులో టాయిలెట్ ఎక్కడుంది, తిరుగు ప్రయాణం ఎలా అన్నవి చేరే ముందే అడగండి. మొహమాటపడకండి. అడిగే హక్కు మీకుంది, ఏర్పాటు చేయాల్సిన బాధ్యత వాళ్లది.

"నగరం గ్రామంలో జరిగింది మర్చిపోయావా" అని మా నాన్న ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

ఆ భయాన్ని కొట్టిపారేయకండి. కోనసీమలో పుట్టినవాళ్లెవరికీ అది ఊరికే వచ్చిన భయం కాదు.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో, తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే 18 అంగుళాల గ్యాస్ లైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయి. లైను లోపలి నుంచి తుప్పు తినేసింది. గ్యాస్‌తో పాటు నీరు, కార్బన్ డయాక్సైడ్ వెళ్తే పైపు అడుగున ఆమ్లం తయారవుతుంది. అది ఉక్కును కొద్దికొద్దిగా తింటుంది, పైకి ఏమీ కనబడదు. లీకైన గ్యాస్ చుట్టూ పరుచుకుని ఉండగా, దగ్గర్లోని టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో వార్తల్లో వచ్చింది.

మీ నాన్నగారితో నేనైతే ఇలా చెబుతాను: ఆ లైన్లు మన ఊళ్ల కింద ఉన్నాయి, ఇకముందూ ఉంటాయి. వాటిని చూసేవాళ్లు పని తెలిసినవాళ్లై ఉండాలి, ఆ ఊళ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లై ఉండాలి. మీ అబ్బాయి నేర్చుకోబోయేది ఆ పనే.

## మొదటి నెలలు

మొదటి నెలంతా తరగతులు, ఫైళ్లు, నడకే. పని ఎప్పుడు నేర్పుతారు?

ఆ నడకే పని. లైను వెంట నడుస్తూ మార్కర్ రాళ్లు ఉన్నాయా, కొత్తగా ఎవరైనా తవ్వుతున్నారా, లైను మీద గోడ కడుతున్నారా, ఒకచోట మాత్రమే గడ్డి ఎండిపోయిందా అని చూడాలి. మట్టిలోకి గ్యాస్ చేరితే వేళ్లకు గాలి అందదు, చుట్టూ పచ్చగా ఉన్నా అక్కడ మాత్రం పసుపు మచ్చ పడుతుంది. వాన వెలిశాక నిలిచిన నీళ్లలో ఒకేచోట బుడగలు వస్తుంటే ఆగండి. నాకు దొరికిన మొదటి లీకు అలాగే దొరికింది. కాలువ గట్టున చారెడు నీళ్లు, అందులో ఆగి ఆగి ఒక్కో బుడగ. పక్కనే మేకలు మేస్తున్నాయి. మీటరు పెట్టేసరికి చేతులు వణికాయి.

కాంట్రాక్టు మీద సంతకం పెట్టమన్నారు. ఏం చూసుకోవాలి?

ట్రేడ్ పేరు, మొదలు, ముగింపు తేదీలు, స్టైపెండ్, శిక్షణ జరిగే ఊరు. ఆ కాంట్రాక్టు పోర్టల్‌లో రిజిస్టర్ అయిందో లేదో మీ లాగిన్‌లోనే చూడండి. రిజిస్టర్ కాకపోతే చట్టం దృష్టిలో మీరు అప్రెంటిసే కాదు, పరీక్షకు కూడా కూర్చోలేరు.

పీఎఫ్, ఈఎస్ఐ ఉంటాయా? దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత?

1961 అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. కానీ శిక్షణలో గాయపడితే పరిహారం ఇవ్వాల్సింది యజమానే, ఆ చట్టం 16వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. చిన్న దెబ్బైనా ఆ రోజే రిజిస్టర్‌లో రాయించండి. "ఇంత దానికి రాతలెందుకు" అని ఎవరన్నా వినకండి.

ఓవర్‌టైం చేయమంటున్నారు. చేయాలా?

అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ శిక్షణను చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా అప్రెంటిస్‌తో ఓవర్‌టైం చేయించకూడదు. ఆ అనుమతి కాగితం చూపించమని మర్యాదగా అడగండి.

## పని నేర్చుకునే రోజులు

ప్లాస్టిక్ పైపు అతకడం అంత కష్టమా? మిషనే చేస్తుంది కదా?

మిషన్ వేడి మాత్రమే ఇస్తుంది. జాయింటు నిలిచేది మీ చేతి వల్ల. ఈ ప్రశ్నకు కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పిల్లలు తేలిగ్గా తీసుకునేది ఇదే, మళ్లీ గుంతలోకి దిగాల్సి వచ్చేదీ దీనివల్లే.

ఎలక్ట్రోఫ్యూజన్ అంటే, కపులర్ (రెండు పైపుల కొసలను కలిపే తొడుగు) లోపల తీగ ఉంటుంది, కరెంటు ఇస్తే అది వేడెక్కి పైపునూ కపులర్‌నూ కరిగించి ఒకటి చేస్తుంది. అయితే ఎండకు, గాలికి పైపు పైపొర మారిపోయి ఉంటుంది. ఆ పొర అతుక్కోదు. అందుకే స్క్రేపర్‌తో చుట్టూ సన్నగా గీకాలి. ముందు మార్కర్ పెన్నుతో పైపు మీద అడ్డదిడ్డంగా గీతలు గీయండి. గీకాక ఒక్క గీత కూడా మిగలకూడదు. సరిగా గీకితే కొబ్బరి కోరులా కాదు, సన్నటి రిబ్బన్‌లా వస్తుంది. గీకిన చోటును ఆ తర్వాత చేత్తో ముట్టుకోకూడదు, చొక్కాతో తుడవకూడదు. చెమట, నూనె, దుమ్ము ఏది అంటినా అక్కడ అతుకు పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలుపోగు రాని గుడ్డ, అంతే.

తర్వాత క్లాంప్ బిగించి, కపులర్ మీది బార్‌కోడ్ స్కాన్ చేసి, ఫ్యూజన్ పెట్టాలి. ఇండికేటర్ పిన్నులు పైకి లేస్తాయి. లేచాయి కదా అని క్లాంప్ తీయకూడదు. చల్లారే సమయం కపులర్ మీదే రాసి ఉంటుంది, అది పూర్తయ్యేదాకా పైపును కదపకూడదు, నీళ్లు పోయకూడదు.

నేను అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు మేస్త్రీ తొందరపెడితే నాలుగు నిమిషాల ముందే క్లాంప్ తీశాను. బయటికి జాయింటు చక్కగా ఉంది. ప్రెషర్ పరీక్షలో ముల్లు దిగడం మొదలైంది. అప్పటికే గుంత పూడ్చేశారు. రాత్రి పదింటికి లైటు పెట్టి మళ్లీ తవ్వి, సబ్బు నీళ్లు పోస్తే కపులర్ అంచున ఆవగింజంత నురగ. ఆ నాలుగు నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇప్పుడు నా పిల్లలకు గడియారం చూపించి, చల్లారేదాకా పక్కనే కూర్చోబెడతాను.

ప్లాస్టిక్ పైపు కోసేటప్పుడు తడిగుడ్డ ఎందుకు చుడతారు?

లోపల గ్యాస్ వేగంగా కదిలితే ప్లాస్టిక్ మీద స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. చెయ్యి పెట్టగానే నిప్పురవ్వ రావచ్చు. తడి నూలు గుడ్డను పైపుకు చుట్టి, రెండో కొస నేలకు తాకేలా ఉంచితే ఆ విద్యుత్తు మట్టిలోకి పోతుంది. గుడ్డ ఆరిపోతే మళ్లీ తడపండి, మన ఎండలకు పది నిమిషాల్లో ఆరిపోతుంది.

మీటర్‌లో ఎల్‌ఈఎల్ 20 అని చూపిస్తే గాలిలో 20 శాతం గ్యాస్ ఉన్నట్టా?

కాదు. సహజ వాయువు గాలిలో సుమారు 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. ఆ కింది హద్దు 5 శాతాన్నే ఎల్‌ఈఎల్ అంటారు, మీటరు దాన్ని 100గా లెక్కేస్తుంది. కాబట్టి 20 అంటే గాలిలో 1 శాతం గ్యాస్. అది చిన్న మాటేమీ కాదు, పెరుగుతోందనే హెచ్చరిక.

ఇంకో ప్రమాదం ఉంది. వేడి తీగ సెన్సర్ ఉన్న మీటర్లకు పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి. గుంతలో గ్యాస్ మరీ ఎక్కువైతే రీడింగ్ ఒక్కసారి పైకి పోయి, మళ్లీ కిందకు పడిపోతుంది. కొత్తవాళ్లు "తగ్గింది సార్" అంటారు. తగ్గలేదు, మీటరుకు ఊపిరాడడం లేదు. వెంటనే వెనక్కి రండి, ఆక్సిజన్ రీడింగ్ కూడా చూడండి. మామూలు గాలిలో అది 20.9 ఉండాలి, 19.5 కన్నా తగ్గితే లోపలికి దిగకూడదు.

మైనస్ 0.85 అంటున్నారు, అదేంటి?

మట్టిలో ఉన్న ఉక్కు పైపుకు తుప్పు నివారణ కరెంటు చాలినంత అందుతోందో లేదో చెప్పే అంకె. హాఫ్ సెల్‌ను (రాగి కడ్డీ, కాపర్ సల్ఫేట్ ద్రావణం ఉన్న కొలత గొట్టం) తడిపిన నేల మీద పెట్టి కొలిస్తే కనీసం మైనస్ 0.85 వోల్టులు రావాలి. మైనస్ 0.6 వచ్చిందంటే రక్షణ చాలడం లేదు. మరీ మైనస్‌లోకి పోయినా మంచిది కాదు, పైపు మీది కోటింగ్ ఊడుతుంది. ఎండాకాలం నేల పొడిగా ఉంటే రీడింగ్ తప్పొస్తుంది, సీసాడు నీళ్లు వెంట ఉంచుకోండి.

రీడింగ్ తీయకుండానే పోయిన నెలది చూసి రాసేయమంటున్నారు. ఏం చేయాలి?

రాయకండి. ఈ పేజీలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇదే గుర్తుపెట్టుకోమంటాను. భూమిలో ఉన్న పైపు ఎవరికీ కనబడదు. ఆ పైపు గురించి ఊరికి తెలిసేదంతా మీరు రాసిన కాగితమే. చేరలేకపోతే "గేటు తాళం, రీడింగ్ తీయలేదు" అని రాయండి. ఖాళీ గడి చూస్తే ఎవరో ఒకరు మళ్లీ వెళ్తారు. అబద్ధపు అంకె చూస్తే ఎవరూ వెళ్లరు. ఎవరైనా గట్టిగా ఒత్తిడి చేస్తే మీ శిక్షణ అధికారికి రాతపూర్వకంగా చెప్పండి.

## లీకు, ప్రమాదం

లీకు ఫోన్ వస్తే అప్రెంటిస్ ఒక్కడే వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. అనుభవం ఉన్న టెక్నీషియన్‌తోనే వెళ్లాలి. అక్కడ మీ పని జనాన్ని దూరం పంపడం, స్విచ్‌లు ముట్టుకోనివ్వకపోవడం, తలుపులు, కిటికీలు తీయించడం. డోర్‌బెల్ కొట్టకండి, తలుపు తట్టండి. "అమ్మా, కంగారు పడకండి, పిల్లల్ని తీసుకుని బయటికి రండి" అని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి. బండిని దూరంగా ఆపండి.

వాసన రావడం లేదంటే లీకు లేనట్టేనా?

లేనట్టు కాదు. సహజ వాయువుకు సొంత వాసన లేదు, మనకు వచ్చేది కలిపిన మందు వాసన. పొలాల కింద వెళ్లే పెద్ద లైన్లలో చాలావాటికి ఆ మందు కలపరు. కలిపిన చోట కూడా గ్యాస్ మట్టిలోంచి చాలా దూరం వస్తే మట్టి ఆ వాసనను పీల్చేసుకుంటుంది. పైగా అదే వాసనలో కొంతసేపు ఉంటే ముక్కు అలవాటుపడిపోతుంది. ముక్కు చెబితే నమ్మండి, ముక్కు చెప్పలేదని నమ్మకండి. మీటరే చూడాలి. సిమెంటు రోడ్డు కింద గ్యాస్ పైకి రాలేక పక్కకు పాకి, డ్రైనేజీ వెంట నాలుగిళ్ల అవతల తేలుతుంది. కాబట్టి మ్యాన్‌హోళ్లు కూడా చూడండి.

జేసీబీ పైపు తెంపేసి మంట వస్తోంది. ఆర్పాలా?

గ్యాస్ ఆపకుండా మంట ఆర్పకూడదు. మండుతున్న గ్యాస్ కంటికి కనబడుతుంది. ఆర్పేస్తే కనబడకుండా పోగై, ఇంకెక్కడో ఒక్కసారిగా పేలుతుంది. జనాన్ని దూరం జరిపి, ఫైర్ స్టేషన్‌కు, కంట్రోల్ రూమ్‌కు చెప్పి, వాల్వ్ మూయించాలి. ప్లాస్టిక్ లైనైతే దూరంగా ఇంకో గుంత తీసి, స్క్వీజ్ టూల్‌తో పైపును నొక్కి ఆపుతారు.

సిటీ లైన్లకు పెద్ద శత్రువు ఈ తవ్వకాలే. తవ్వేవాళ్లు ముందే చెప్పడానికి 2023 మార్చిలో కేంద్రం "కాల్ బిఫోర్ యూ డిగ్" యాప్ తెచ్చింది. మీ ఏరియాలో జేసీబీ డ్రైవర్లతో పరిచయం పెంచుకోండి, మీ నంబరు ఇవ్వండి. కలిసి తాగిన ఒక టీ చాలా లైన్లను కాపాడుతుంది.

డీఆర్‌ఎస్‌లో స్లామ్ షట్ (ప్రెషర్ హద్దు దాటితే తనంతట తానే మూసుకునే వాల్వ్) పడిపోయి సరఫరా ఆగింది. జనం తిడుతున్నారు. వెంటనే రీసెట్ చేయొచ్చా?

చేయకూడదు. ప్రెషర్ హద్దు దాటినందుకే అది పడింది. రెగ్యులేటర్ ఎందుకు అదుపు తప్పిందో తేలాకే రీసెట్. అప్పటిదాకా సీనియర్ అనుమతితో రెండో స్ట్రీమ్ (పక్కనే ఉండే అదనపు రెగ్యులేటర్ లైను) మీద నడపొచ్చు.

## ఏడాది పూర్తయ్యాక

అప్రెంటిస్ అయ్యాక అదే కంపెనీలో ఉద్యోగం గ్యారంటీనా?

గ్యారంటీ లేదు. చట్టం ప్రకారం ప్రతి యజమానీ తన దగ్గర శిక్షణ పూర్తిచేసినవాళ్లను తీసుకునే విషయంలో ఒక విధానం పెట్టుకోవాలి, అంతవరకే. ఆ విధానం ఏమిటో మొదటి నెలలోనే అడిగి తెలుసుకోండి. చాలామంది ముందు నిర్వహణ కాంట్రాక్టర్ల దగ్గర చేరి, రెండు మూడేళ్ల అనుభవంతో పైకి వెళ్తున్నారు. తాత్కాలికమని ఆ ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి.

చివరి పరీక్ష రాయకపోతే ఏమవుతుంది?

శిక్షణ చేసినట్టు కంపెనీ కాగితం ఇస్తుంది కానీ, జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు. అది అఖిల భారత ట్రేడ్ టెస్ట్ పాసైన వాళ్లకే. ప్రభుత్వ రంగ సంస్థల ప్రకటనల్లో అడిగేది ఆ సర్టిఫికెట్‌నే. ఏడాదంతా కష్టపడి, పరీక్ష రోజు పెళ్లికి వెళ్లి ఆగిపోయిన కుర్రాడు నాకు తెలుసు. దయచేసి ఆ తేదీ ఇంట్లో అందరికీ ముందే చెప్పండి.

గల్ఫ్‌కు వెళ్లాలనుకుంటున్నాను. ఈ అనుభవం పనికొస్తుందా?

పనికొస్తుంది. ఫ్యూజన్ జాయింటింగ్, పైప్ ఫిట్టింగ్, వాల్వ్ నిర్వహణ చేసినట్టు రుజువులుండాలి. అందుకే మీరు చేసిన ప్రతి జాయింటు నంబరు, తేదీ, పైపు సైజు ఒక సొంత పుస్తకంలో మొదటి రోజు నుంచే రాసుకుని, నెలనెలా సూపర్‌వైజర్ సంతకం తీసుకోండి. అక్కడి గ్యాస్ క్షేత్రాల్లో చాలాచోట్ల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన, ఎక్కువైతే ఆ వాసన కూడా తెలియకుండా చేసి ప్రాణం తీస్తుంది. ఆ శిక్షణ లేకుండా అలాంటి సైటులో అడుగుపెట్టకండి.

రిజిస్టర్డ్ ఏజెంటు ద్వారానే వెళ్లండి. పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. అలాంటి ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగితే లేచి వచ్చేయండి.